పేరు కోసిన పాటలు

మద్రాసు హార్బరులో మధ్యాహ్నం భోజనాల గంట మోగింది. క్రేన్లు ఆగాయి. సరుకుల ఓడ దిగి వచ్చిన ఒక పొడుగాటి నీగ్రో నావికుడు టీ బంకు ముందు నిలబడి గ్లాసు అందుకున్నాడు. రెండు గుక్కలు తాగాడు. మూడో గుక్క గొంతు దిగలేదు. బంకువాడు బల్ల దాటి వచ్చేసరికి మనిషి నేలమీద ఉన్నాడు. అతని పక్కనే నిలబడి టీ తాగిన తెల్ల సూటు దొర అప్పటికే జనంలో కలిసిపోయాడు.

మర్నాడు ఉదయం పది గంటలకి ఏజెంట్ మాల్యాద్రి మౌంట్ రోడ్డులో ఒక టైలరు షాపు మీది మేడ ఎక్కాడు. బయట బోర్డు మీద 'సదరన్ మెరైన్ సర్వే' అని ఉంటుంది. లోపల సర్వే చేసేది సముద్రాన్ని కాదు.

"కూర్చో," అన్నాడు చీఫ్ రంగనాయకులు.

మాల్యాద్రి కూర్చోలేదు. తొమ్మిదేళ్ళుగా ఆ గదిలో అతను ఎప్పుడూ కూర్చోలేదు. ధనుష్కోటి ఇసుకలో తొడలో గుండు దిగి పడి ఉన్నప్పుడు, తనకన్నా పదిహేనేళ్ళు పెద్దవాడైన ఈ మనిషి తనని భుజాన వేసుకుని రెండు మైళ్ళు నడిచాడు. అలాంటి మనిషి ముందు కూర్చోవడం అతనికి చేతకాదు.

రంగనాయకులు టేపు రికార్డరు స్విచ్ నొక్కాడు. తెలియని భాషలో ఒక మగగొంతు, వెనక చప్పట్లు. అర నిమిషం వినిపించి ఆపేశాడు.

"నిన్న చచ్చినవాడి పాట ఇది. పేరు కిటో. మొరాంబా దీవి మనిషి. వాడి ఓడ గదిలో నిన్ననే దొరికింది ఈ స్పూలు."

"పాట పాడినందుకు చంపుతారా సార్?"

"మొరాంబాని ఏలే తెల్లవాళ్ళు చంపుతారు. అక్కడ ఆ పాట ఈల వేసినా ఐదేళ్ళు జైలు. ఇలాంటివి ఇంకా పదహారు టేపులున్నాయి. నీ నెల్లూరు జిల్లాలోనే. కోట అనే ఊరికి తూర్పున, కాలువ దాటితే ఒక పట్టపుపాళెం, చేపలు పట్టేవాళ్ళ పల్లె. అక్కడ చెంచురామయ్య అనే ముసలాయన ఉంటాడు. ముప్ఫై ఏళ్ళు ఓడల్లో వైర్‌లెస్ ఆపరేటరు. ఏ రేవులో దిగితే ఆ రేవులో సమ్మె పాటలు, జైలు పాటలు, తిరుగుబాటు పాటలు టేపులకెక్కించి తెచ్చుకున్నాడు. మిగతా దేశాలవి మనకి అక్కర్లేదు. మొరాంబావి ఎక్కడ దాచాడో కనుక్కో. వినకు. ముట్టుకోకు. టెలిగ్రాం కొట్టు. నేనే వచ్చి సేఫ్ కస్టడీకి తెస్తాను."

"కోడ్?"

"సంబంధం కుదిరింది, పెద్దలు రావాలి." రంగనాయకులు ఒక ఫోటో బల్లమీద జరిపాడు. నల్ల కళ్ళద్దాలు, బాబ్డ్ హెయిరు, పెదవి మీద సగం నవ్వు. "కోడ్ నేమ్ ఫ్లెమింగో. అసలు పేరు ఎలిశబెతు. తల్లి నెల్లూరు మనిషి. తండ్రి మొరాంబా తోటల్లో గుమాస్తా. ఈమె వాళ్ళ సీక్రెట్ పోలీసుకి దుబాసీ. నీకన్నా ముందే పాళెం చేరింది. ఏం చెప్పినా నమ్మకు."

"యస్సార్."

ఎలా తెలిసింది పదహారని? ఆ ప్రశ్న మాల్యాద్రికి తట్టనే లేదు. సార్ చెప్పారు, అంతే.

*

రెండు రోజుల తర్వాత, పంచాయతీ రేడియోలు బాగుచేసే మెకానిక్ ఒకడు కోటలో బస్సు దిగి, సరుగుడు కట్టెలు మోసే పడవలో కాలువ దాటి పాళెం చేరాడు. ఖాకీ నిక్కరు, చేతిలో పనిముట్ల సంచి. సంచి అడుగున, సాల్డరింగు తీగల కింద, గుప్పెట్లో పట్టే పిస్తోలు.

చెంచురామయ్య ఇంటిముందు నాగులమ్మ అనే పట్టపామె మట్టిమూకుడులో బియ్యం వేయిస్తోంది.

"పాటల తాత ఇల్లు ఇదేనా అక్కా?"

"ఇదే. మిషను చెడిపొయ్యి నాలుగు దినాలాయె. అన్నం గూడా సరిగా తినడంలా. నువ్వు బాగుచేస్తావా సామీ?"

"చూస్తాను. ఆ బియ్యం ఏందక్కా, తినడానికా?"

"తినేదానికి గాదు. జాడీల్లో టేపుల కింద పోస్తాడు. సముద్రపు చెమ్మంతా ఈ బియ్యం తాగేస్తదంట. నెలకోసారి నాకీ పని."

లోపల డెబ్బయ్యేళ్ళ మనిషి, చొక్కా లేకుండా, కారు బ్యాటరీకి తగిలించిన పాత రికార్డరు ముందు కూర్చుని ఉన్నాడు. గోడల వెంబడి నూటయాభై దాకా ఊరగాయ జాడీలు. ఒక్కోదాని మీద ఒక్కో రేవు పేరు. మాల్యాద్రి మిషను విప్పాడు. రబ్బరు బెల్టు తెగింది. సైకిలు ట్యూబు సన్నగా కోసి బిగించాడు. చక్రాలు తిరిగాయి.

చెంచురామయ్య అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఏ ఊరు నాయనా మనది?"

"కోవూరు."

"నువ్వీ పొద్దు ఈడే తినాల."

తిన్నాడు. ఆ పూటే కాదు, మూడు రోజులు తిన్నాడు. చేపల పులుసు వడ్డిస్తూ ముసలాయన రేవులన్నీ చెప్పాడు. ఎక్కడో చలిదేశంలో గని కార్మికులు నేల కింద చిక్కుకుపోయి తొమ్మిది రోజులు పాడిన పాట. ఒక జైల్లో ఆడవాళ్ళు గోడకి ఆవల ఉన్న మొగుళ్ళకి వినపడేలా బట్టలుతుకుతూ పాడిన పాట. ఆ ఆడవాళ్ళలో ఇప్పుడెవరూ లేరు. ఆ పాట ఉన్నది ప్రపంచం మొత్తం మీద ఈ ఇంట్లో ఒక్క జాడీలోనే.

ఎలిశబెతు రోజూ వచ్చేది. నీలం చీర, నల్ల కళ్ళద్దాలు, భుజానికి జర్మన్ పోర్టబుల్ రికార్డరు. విదేశీ రేడియో కోసం అని చెప్పి నాగులమ్మ చేత ఉప్పు మళ్ళ పాటలు పాడించుకునేది. మాల్యాద్రిని చూసి పలకరించింది కూడా.

"మెకానిక్కు గోళ్ళలో మసి లేదే," అంది ఒకసారి, తల ఎత్తకుండానే.

"సబ్బు మంచిది అమ్మగారూ," అన్నాడు అతను.

మూడో రోజు ఉదయం ముసలాయన అటక మీద నుంచి 'నిమ్మకాయ' అని రాసిన పెద్ద జాడీ దించాడు. మైనం పగలగొట్టి మూత తీశాడు. లోపల పదిహేడు స్పూళ్ళు. "ఇయ్యి ఎవరికీ చూపించలేదు నాయనా. మిషను బతికించినావు, నువ్వు వినాల." ఒకటి పెట్టి, ఆ భాషకి తెలుగు చెప్పాడు: దీవి మాది, చెరుకు మాది, చెమట మాది, గోదాము తాళం మాత్రం మీది.

పదిహేడేమిటని మాల్యాద్రి ఒక్క క్షణం ఆలోచించాడు. కిటోది కూడా కలిపి కాబోలు అనుకున్నాడు. కోట పోస్టాఫీసులో టెలిగ్రాం కొట్టాడు. సాయంత్రానికి జవాబు వచ్చింది: 'రేపు నాలుగు గంటలకి కాలువ మీద వస్తున్నాం.'

*

మర్నాడు భోజనాలయ్యాక, అంతా సవ్యంగా జరిగిపోతుందన్న ధీమాతో, మాల్యాద్రి అసలు సంగతి బయటపెట్టాడు.

"తాతా, నేను మెకానిక్కుని కాదు. గవర్నమెంటు మనిషిని. నీ టేపులకి ప్రమాదం ఉంది. మా చీఫ్ రంగనాయకులు గారు నాలుగింటికి వచ్చి భద్రంగా తీసుకుపోతారు."

కోపగిస్తాడనుకున్నాడు. ముసలాయన మొహం వెలిగిపోయింది.

"రంగనాయకులు గారా! నాకు ఉత్తరం రాసినాడయ్యా ఆయన!"

ట్రంకు పెట్టెలో నుంచి మడత పెట్టిన కాగితం తీశాడు. సదరన్ మెరైన్ సర్వే లెటర్‌హెడ్డు. ఫిబ్రవరి పదో తేదీ. 'ప్రభుత్వం వారు భద్రపరచుటకై మీరు పంపిన కిటో పాట నకలు స్పూలు అందినది. తక్కిన పదహారు విషయమై మా మనిషి వచ్చును.' కింద మాల్యాద్రికి తన చేతివ్రాతకన్నా బాగా తెలిసిన సంతకం.

మాల్యాద్రి రెండోసారి చదివాడు. ఇది జూన్. 'నిన్ననే దొరికింది' అన్నారు సార్. ఆ స్పూలు నాలుగు నెలలుగా సార్ సొరుగులోనే ఉంది.

"తాతా," అన్నాడు మెల్లిగా, "ఆ స్పూల్లో పాట కాక ఇంకేముంది?"

"పేరు. నేను ఎవురి పాటైనా పేరు లేకండా ఎక్కించనే. మొదట వాడి నోటితోనే పేరు, ఊరు, తల్లి పేరు, ఓడ మనిషైతే ఎక్కే ఓడ పేరు చెప్పిస్తా. పాటకి మనిషి ఉండాల గదా. పదిహేడిట్లోనూ అంతే."

"ఆ మిగతా పదహారు మంది?"

"అంతా దీవిలోనే ఉండారు. పిల్లాజెల్లాతో."

ఎండలో ఇసుక తెల్లగా మండుతోంది. మాల్యాద్రి ఉత్తరం మళ్ళీ మడిచాడు. హార్బరులో కిటో టీలో విషం ఎలా కలిపారో తెలియదు కానీ, కిటో ఏ ఓడ దిగుతాడో చంపినవాళ్ళకి ఎవరు చెప్పారో తెలిసిపోయింది. ఆ పదహారు మంది దగ్గరికి దారి చూపించింది ఎవరో కూడా తెలిసింది. తనే. నాలుగు మాటల టెలిగ్రాంతో కాదు, మూడు రోజులు ఈ ఇంటి అన్నం తిని.

"చేతులు పైకెత్తు," అంది గుమ్మంలో నుంచి ఒక ఆడగొంతు.

ఎలిశబెతు కళ్ళద్దాలు తీసేసింది. చేతిలో చిన్న ఆటోమాటిక్.

"టెలిగ్రాం కొట్టినావంట గదా. ఎవురొస్తా ఉండారో చెప్పు."

"నీకు తెలియదా? మీవాళ్ళే."

"మా దొర మద్రాసులో ఒక పెద్దాఫీసరుతో కలిసుండాడని తెలుసు. ఎవురని నాకు చెప్పరు. నేను ఆ దొర జీతం తింటా దీవి వాళ్ళకి పనిచేస్తా ఉండాను. నమ్మితే నమ్ము, లేకుంటే లేదు."

మాల్యాద్రి ఉత్తరం ఆమె ముందు పెట్టాడు. చదివింది. పిస్తోలు దించింది.

"ఈ స్పూలే," అంది. "దాంట్లో మాటల్ని ఇంగ్లీషులోకి మార్చింది నేనే. తప్పు పేరు చెప్పుంటే నా గుట్టు తెలిసిపోయేది. ఒక్కడి పేరు నిజం చెప్తే నన్ను నమ్ముతారు, నమ్మితే మిగతా పదహారిని కాపాడతా అనుకున్నా."

చెంచురామయ్యకి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. "కిటో పొయ్యినాడా?" అని మాత్రం అడిగాడు.

ఎలిశబెతు తల ఊపింది. ముసలాయన మాల్యాద్రి వంక చూశాడు, తర్వాత ఎలిశబెతు వంక. ఆ చూపులో తిట్టు లేదు. మూడు రోజులు అల్లుడికి వడ్డించినట్టు వడ్డించిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఆ చేతినే చూసుకుంటూ కూర్చున్నాడు.

రెండు గంటలైంది.

"టేపులు కాల్చేద్దాం," అంది ఎలిశబెతు.

"కాలిస్తే నన్ను గూడా కాల్చండి," అన్నాడు చెంచురామయ్య.

"పాటలు కాల్చొద్దు," అన్నాడు మాల్యాద్రి. "పేర్లు మాత్రం. మొదటి గజమో రెండు గజాలో కోసేద్దాం."

ముసలాయన గడ్డం గీసుకునే బ్లేడు తనే తీసుకొచ్చాడు. "నువ్వు ముట్టుకోబాక," అన్నాడు మాల్యాద్రితో.

నాగులమ్మ మొగుడు ముత్యాలయ్య సైకిలు మీద కోటకి బయల్దేరాడు. సబ్ ఇన్‌స్పెక్టరు జయరామయ్యకి చీటీ: దొంగసరుకుతో విదేశీయుడు, ఆయుధాలున్నాయి, వెంటనే రండి. అసలు సంగతి రాస్తే ఎవరూ రారు. పాళెంలోని మగవాళ్ళు వలలు భుజాన వేసుకుని కాలువ గట్టుకి చేరారు.

చెంచురామయ్య ఒక్కో స్పూలు రికార్డరు మీద పెట్టి, పేరు అయిపోయి పాట మొదలయ్యే చోట చక్రం ఆపి, టేపు కోశాడు. ఎర్ర పట్టీతో మొదలయ్యే ఆ ముక్కని నాగులమ్మ గుమ్మం పక్కన తను బియ్యం వేయిస్తున్న పొయ్యిలో వేసేది. ముడుచుకుపోయి మంట అయ్యేది. ఒక్కో పేరూ ఆఖరిసారి విని కోస్తున్నాడు గనక ఆలస్యమవుతోంది. తొందరపెట్టడానికి ఎవరికీ నోరు రాలేదు. కిటో స్పూలు మాత్రం పక్కన పెట్టాడు.

"చచ్చినోడి పేరు కొయ్యాల్సిన పన్లేదు," అన్నాడు.

పదిహేను అయ్యాయి. పదహారోది జాడీలోంచి తీయబోతుండగా కాలువ మీద లాంచీ కూత వినిపించింది. చెప్పిన వేళకి ఇరవై నిమిషాలు ముందే. కోసినవన్నీ గబగబా జాడీలో పడేశారు.

*

రంగనాయకులు మల్లెపువ్వులాంటి బట్టల్లో గట్టెక్కాడు. వెనకే తెల్ల సూటు దొర.

"వెల్‌డన్ మై బాయ్," అన్నాడు మాల్యాద్రి భుజం తట్టి. "ఈయన స్విట్జర్లాండ్ నిపుణుడు. ఫ్లెమింగో ఏది?"

"పట్టుకున్నాను సార్. చేతులు కట్టేశాను."

"విప్పు. టేపులు పరీక్ష చెయ్యడానికి ఆమె భాష పనికొస్తుంది."

ఎంత తేలిగ్గా అన్నాడు! ఆ గొంతులో ఒక్క వణుకు ఉన్నా మాల్యాద్రి ఇంకా ఏదో ఒక సాకు వెతికేవాడు. ఉత్తరం ఎవరో ఫోర్జరీ చేశారనైనా అనుకునేవాడు.

దొర జాడీలో చెయ్యి పెట్టి చేతికందిన స్పూలు తీశాడు. కొనకి ఎర్ర పట్టీ ఉంది. పదహారోది. కొయ్యనిది.

చెంచురామయ్య గోడకి ఆనుకున్నాడు. మాల్యాద్రి వేళ్ళు నడుం దగ్గర దోపిన పిస్తోలు మీదికి వెళ్ళాయి. ఎలిశబెతు మణికట్లు రుద్దుకుంటూ తన జర్మన్ రికార్డరు ముందు కూర్చుని, తొణక్కుండా టేపు ఎక్కించింది. రెండు మీటలు పక్కపక్కనే ఉన్నాయి. తెల్లది నొక్కితే టేపులో ఉన్నది వినిపిస్తుంది. ఎర్రది నొక్కితే ఉన్నది చెరిగిపోయి, గదిలోని మాటలు దానిమీద ఎక్కుతాయి.

ఆమె ఎర్రది నొక్కింది.

చక్రాలు తిరిగాయి. చప్పుడు లేదు.

"నథింగ్," అన్నాడు దొర.

"ఉండాలి!" రంగనాయకులు ముందుకి వంగాడు. "ముసలాయన ఉత్తరంలో రాశాడు, ప్రతి టేపు మొదట్లో పేరు, ఊరు చెప్పించానని. కిటోది అలాగే కదా దొరికింది! హార్బరులో వాణ్ణి పట్టివ్వలేదా నేను?"

"పదహారు పేర్లు ఇస్తానన్నావు," అన్నాడు దొర ఇంగ్లీషులో.

"ఇస్తాను. మీరు మాత్రం పడమటి సముద్రంలో మీ నేవీ కదలికల ఫైళ్ళు నాకివ్వాలి. ఒప్పందం ఒప్పందమే."

నిమిషంన్నర గడిచింది. ఎలిశబెతు మీట ఆపి, టేపు వెనక్కి తిప్పి, తెల్ల మీట నొక్కింది.

'ఉండాలి!' అంది రికార్డరు, రంగనాయకులు గొంతుతో. 'ముసలాయన ఉత్తరంలో రాశాడు...'

దొర చెయ్యి కోటులోకి పోయింది. అది పిస్తోలుతో బయటికి వచ్చేలోపు నాగులమ్మ పొయ్యి మీది మూకుడు ఎత్తి అతని మీద కుమ్మరించింది. నిప్పులాంటి బియ్యం మొహం నిండా, మెడలోకి, చొక్కాలోకి. పేలిన గుండు పైకప్పు తాటాకుల్లో దూరింది. ఎలిశబెతు కాలితో అతని పిస్తోలుని గుమ్మం అవతలికి తన్నింది.

రంగనాయకులు చేతిలోనూ పిస్తోలు ఉంది. మాల్యాద్రి చేతిలోనూ ఉంది. మధ్యలో రెండు బారల దూరం.

"ఎందుకు సార్?"

"పిచ్చివాడా, దేశం కోసమే. ఆ ఫైళ్ళ విలువ నీకు తెలుసా? ఎక్కడో దీవిలో పదహారు మంది కూలీలు. మనవాళ్ళు కారు."

"ఈ ఇల్లు మనవాళ్ళదే కదా సార్. నన్నెందుకు పంపించారు?"

"నువ్వయితే నమ్ముతారు కాబట్టి. మొహం అలాంటిది నీది." రంగనాయకులు నవ్వాడు. అలవాటైన నవ్వే. "కాలుస్తావా? ఈ భుజం మీదే మోశానురా నిన్ను."

మాల్యాద్రి కాల్చలేదు. రెండంగల్లో మీదికి దూకి పిస్తోలు మడమతో ఆ భుజం మీదే కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు తన ఎముక విరిగినట్టే వినిపించింది.

గట్టు దగ్గర నీళ్ళలో లాంచీ లేదు. పట్టపువాళ్ళు దాన్ని నీళ్ళలోంచి లాగి, ఇసుకలో బోర్లా తిప్పేశారు. ఆరు గంటలకి జయరామయ్య వ్యాన్‌లో వచ్చి ఇద్దరికీ బేడీలు వేశాడు. దొంగసరుకేదని అడిగాడు. మాల్యాద్రి టేపు ఇచ్చాడు.

ఎలిశబెతు వెళ్ళేముందు చెంచురామయ్య ముందు నిలబడింది. ఆయన తలెత్తలేదు. కిటో స్పూలు మాత్రం ఆమె వైపు జరిపాడు. "అందరికంటే నువ్వు వినాల ఇది," అన్నాడు. ఆమె తీసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని వెళ్ళిపోయింది.

మాల్యాద్రి సంచి సర్దుకున్నాడు. "తాతా, ఆ పేర్లు నీకు గుర్తున్నాయా?"

"గుర్తుండాయి. నీకు జెప్పను," అన్నాడు ముసలాయన. లేచి, నేలమీద చిందిన బియ్యం గింజలు ఏరసాగాడు. మాల్యాద్రి వంగబోతే చెయ్యి అడ్డుపెట్టాడు.

*

నెల తర్వాత మౌంట్ రోడ్డు మేడమీద కొత్త చీఫ్ ఉన్నాడు. దొరని వాళ్ళ దేశానికి పంపించేశారు. రంగనాయకులు గారు అనారోగ్య కారణాల వల్ల ముందుగా రిటైరైనట్టు సర్క్యులర్ వచ్చింది. టేపు ఏమైందని మాల్యాద్రి అడిగితే, ఏ టేపు అన్నారు.

కొత్త చీఫ్ మాల్యాద్రి ఫైలు తిరగేస్తున్నాడు. ఈసారి మాల్యాద్రి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"నీ గురించి కాన్ఫిడెన్షియల్ రిపోర్టు బాగుందయ్యా. మే నెలలో రాసింది." చదివాడు. "'ప్రశ్నలు వెయ్యడు. ఎక్కడికి పంపినా వెళ్తాడు. పూర్తిగా నమ్మదగినవాడు.' సంతకం... సరే, ఎవరిదైతేనేం. మార్చాల్సిందేమీ లేదనుకుంటాను?"

"ఒక్క మార్పు సార్," అన్నాడు మాల్యాద్రి. "మొదటి వాక్యం కొట్టెయ్యండి."